ఎక్స్‌ప్రెస్ ఒడిబియ్యం

ధర్మేందర్ సంచిలో ఉన్నవన్నీ తీసి కౌంటర్ మీద పెట్టాడు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, పసుపుకొమ్ములు, ఎర్రంచు పట్టుచీర, రెండు డజన్ల గాజులు.

"ఒడిబియ్యం చెల్లె. కెనడాకు పంపాలె. ఎట్లన్న జేసి శుక్రారం లోపల అందాలె."

కొంపల్లిలో విదేశాలకు పార్సిళ్లు పంపే దుకాణం పెట్టి ఆరేళ్లయినా సుచిత్ర ఇలాంటి వింత చూడలేదు. పచ్చళ్లు వస్తాయి, సకినాలు వస్తాయి, డాక్టరు చీటీతో బీపీ గోళీలు వస్తాయి. ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి పుట్టింటివాళ్లు తమ చేతులతో ఒడిలో పోయాల్సిన బియ్యాన్ని తూకం వేయించి అట్టపెట్టెలో పంపే అన్నను చూడటం ఇదే మొదలు.

అందులోనూ ధర్మేందర్! ఇద్దరిదీ దేవరయాంజాలే. ఆయనగారి సంగతి ఆమెకు బాగా తెలుసు. పోయిన మున్సిపల్ ఎన్నికల్లో నిలబడినప్పటి నుంచీ ఎదురుపడిన ప్రతి ఆడమనిషినీ చెల్లె అంటాడు. సొంత చెల్లెలు భవిత మాత్రం భూమిలో వాటా అడిగిందని ఆమెను గడప తొక్కనివ్వలేదు. ఆమె పెళ్లయి ఇది పన్నెండో ఏడు. ఒక్కసారైనా ఒడిబియ్యం పోసిన పాపాన పోలేదు. రెండేళ్ల కిందట పిల్లలతో వచ్చి, పుట్టిన ఊరు పక్కనే పెట్టుకుని, శామీర్‌పేటలో లాడ్జి గదిలో వారం ఉండి వెళ్లింది పాపం. ఆ వారం ఈయన బ్యాంకాక్‌లో ఉన్నాడు.

ఇప్పుడు ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గడ్డం మాసి ఉంది. ఫామ్‌హౌస్ దావత్ ఇంకా దిగినట్టు లేదు.

"ఎక్స్‌ప్రెస్‌ల ఏస్తేనే శుక్రారం అందుతది. రేటు డబల్ అయితది."

"ఎంతన్న గానీ."

మరి! డబ్బు పారేస్తే తోబుట్టువు బంధం కూడా రెండింతల వేగంతో పోతుందనుకున్నాడేమో.

"నువ్వే పోయి పొయ్యరాదా అన్నా? పుట్టింటోళ్ల చేతుల మీంగ వడాలె గద."

"వీసా గింత జల్దీ రాదంటున్నరు."

ఏడాదికి రెండుసార్లు బ్యాంకాక్ ఎగిరేవాడికి చెల్లెలి ఊరికి వీసా దొరకలేదట! సుచిత్ర పెదవి విరిచింది.

"అయినా ఒడిబియ్యం బేసి ఏడు పోస్తరు. ఇది పన్నెండో ఏడు. ఇంట్ల పెద్దోళ్లను అడుగలేదా?"

"ఇగ ఏడు జూసేదుందా," అన్నాడు నేల చూస్తూ.

ఆచారం తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఇలాంటివాళ్లకు బంధుత్వం అంటే ఫ్లెక్సీలో ఫొటో.

"గాజులు ఆమె సైజేనా?"

"ఏదైతేంది, పెట్టున్రి."

"ఒట్టి బియ్యమేనా? నాలుగు అరిసెలన్న పెట్టరాదు, పిల్లలు తింటరు."

"తీపి వద్దు."

పిల్లికి బిచ్చం పెట్టని బుద్ధి ఎక్కడికి పోతుంది? సుచిత్ర పెట్టెకు టేపు బర్రున లాగి అంటించింది. ఫారంలో 'గిఫ్ట్' అని రాసింది. రాస్తుంటే చెయ్యి రాలేదు.

"భవిత నంబర్ చెప్పు."

"మా బావ నంబర్ రాసుకో."

"చెల్లె నంబర్ గూడ లేదా నీ దగ్గర?"

ధర్మేందర్ బావ నంబరు ఉన్న ఫోన్ ముందుకు జరిపాడు. సుచిత్రకు ఒళ్లు మండిపోయింది. భవిత బళ్లో తనకంటే రెండు తరగతులు చిన్నది. రాఖీ పున్నమి మర్నాడు, మా అన్నకు మూడు రాఖీలు కట్టిన అని బడంతా చెప్పుకుని తిరిగేది. ఆ పిల్లకు దక్కిన అన్న ఈ మనిషి!

"ఏమనుకోకన్నా. గీ పెట్టె పంపుడు కంటే ఒక్క ఫోన్ జేస్తే ఆమె ఎక్కువ సంబురపడుతుండె."

"చేసేదుండె," అన్నాడు.

చేసేదుండెనట! చెయ్యకుండా ఎవరు పట్టుకున్నారో? సుచిత్ర రసీదు చింపి అతని ముందు పడేసింది. ఇక దాచుకోవాలనిపించక కసిగానే అంది.

"శుక్రారం పొద్దంత భవితను ఇంట్లనే ఉండుమను. సంతకం పెట్టకుంటె పెట్టె ఇయ్యరు, మల్ల తిరిగి నీ కాడికే వస్తది."

ధర్మేందర్ రెండు చేతులతో కౌంటర్ అంచు పట్టుకున్నాడు.

"భవిత ముత్తైదువగ పోయింది, శనివారం కాలవెట్టక ముందు పుట్టింటి బియ్యం ఒడిల పడాలె."