చేతులు పొట్టయిన చొక్కా

చొక్కా చేతులు పొట్టయిపోయాయి.

“అయ్యో, నా మతి మండా! పోయినసారి చూసిన చెయ్యే కళ్ళల్లో పెట్టుకుని కుట్టేశాను,” అంది అక్క. బట్టల ఫ్యాక్టరీలో రోజంతా చొక్కాలు కుట్టే మనిషి. ఇంట్లో కుట్టిన ఒక్కటీ ఇలా తగలడింది.

“పర్లేదక్కా, బావుంది,” అన్నాడు పిల్లాడు, చేతులు వెనక్కి దాచుకుంటూ.

“లోపల మడత వదిలాన్రా నాన్నా. విప్పితే పొడుగొస్తుంది.” పంటితో దారం తెంపి కుట్టు విప్పసాగింది.

అది పిల్లల సంక్షేమ ఆఫీసులో ఒక గది. చక్రాలూడిన బొమ్మ కార్లు, ప్లాస్టిక్ కుర్చీలు. ఒక కుర్చీలో ఆఫీసరమ్మ. ఇంకో దాంట్లో పిల్లాణ్ణి దత్తత తీసుకున్న కొత్తమ్మ, సంచీ ఒళ్ళో పెట్టుకుని రైలుకి టైమైనట్టు కూర్చుంది.

తాగి తాగి ఇల్లు గుల్ల చేసిన అమ్మకి ఈ బిడ్డ మీద ఏ హక్కూ లేదని కోర్టు తేల్చేసింది. వాడి కంట కూడా పడకూడదంది. అక్క మాత్రం అప్పుడప్పుడూ వచ్చి చూసుకోవచ్చు. అదీ కొత్తమ్మ సరేనంటేనే.

“ఏమనుకోకండి,” అంది కొత్తమ్మ, గొంతు తగ్గించి. “మిమ్మల్ని చూసొచ్చిన రోజు వీడు అన్నం ముట్టడు. నిద్రలో ఏడుస్తాడు. కొన్నాళ్ళు ఆపేద్దామనుకుంటున్నాను.”

అక్క చేతులు ఆగిపోయాయి.

“ఆపకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. పాత సంగతులెత్తను, ఏడవను. ఓ మూల కూర్చుని చూసి పోతాను, అంతే.”

అంతలో పిల్లాడు కుర్చీ తట్టుకుని బోర్లా పడ్డాడు. “అమ్మా!” అని కేక పెట్టాడు.

ఇద్దరూ ఒక్కసారే లేచారు. కొత్తమ్మ వెళ్ళి ఎత్తుకుంది. అక్క మళ్ళీ కూర్చుంది.

“నువ్వెందుకు లేచావమ్మాయ్?” అని నవ్వింది ఆఫీసరమ్మ.

“చిన్నప్పట్నుంచీ ఎత్తుకు తిరిగాను కదండీ. అలవాటు.”

ఎత్తుకు తిరిగిన మాట నిజమే. వాడు పుట్టిన ఏడాదే అక్క బడి మానేసింది. తన చెవి పట్టుకుంటేగానీ వాడు నిద్రపోయేవాడు కాదు.

కొత్తమ్మ ఆమె వంక కాసేపు చూసింది. మనసు కరిగింది.

“సరే, రండి. ఈసారి వీడి కొలతలు పంపిస్తాను. అక్క కాబట్టి ఒప్పుకుంటున్నాను. కన్నతల్లే అయితే గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదు. ఆ మనిషి మొహం వీడు చూడనే కూడదు.”

“చూడకూడదండీ,” అంది అక్క.

బస్సులో కిటికీ వైపు తిరిగి దారి పొడుగునా ఏడ్చింది. పక్క సీటావిడ మంచినీళ్ళిస్తే తాగి, మళ్ళీ ఏడ్చింది.

ఇంట్లో అమ్మ గోడవైపు తిరిగి పడుకునుంది. తాగుడు మానేసింది, కానీ ఒంట్లో ఏమీ మిగల్లేదు. నలుగురూ ఏమనుకుంటారోనని జీవితమంతా భయపడి చచ్చిన మనిషి. అక్క సంచీ మేకుకి తగిలించి మంచం అంచున కూర్చుంది.

అమ్మ ఇటు తిరక్కుండానే, గోడతో చెప్పినట్టు, మెల్లగా అడిగింది:

“ఎలా ఉన్నాడే, నీ కడుపున పుట్టినవాడు?”