చిన్న తూటా రైఫిల్

"అది బొమ్మ," అంది వెల్డా. "దాంతో కొడితే ఉడత చావదు. కూర్చుని నవ్వుతుంది."

తల్లి ఏమంటుందో గ్లెన్నాకు ముందే తెలుసు. వెల్డా నోరు తెరవకముందే ఆ మాటలు గ్లెన్నా తలలో ఒకసారి వినిపిస్తాయి. తరువాత బయట వినిపిస్తాయి. బయటివే కాస్త మెత్తగా ఉంటాయి.

తుపాకుల కొట్టులో బల్ల మీద రెండు వస్తువులున్నాయి. ఒకటి రైఫిల్. చూడటానికి ఈ వెస్ట్ వర్జీనియా కొండల్లో అందరికీ తెలిసిన ఏఆర్ రైఫిలే. అదే నలుపు, అదే పిడి. కాని ఇది పుట్టుకతోనే పాయింట్ టూ టూ సైజుది. అంచు మీద దెబ్బ పడితే పేలే ఆ చిన్న తూటా తప్ప ఇంకేదీ దీనిలో పట్టదు. రెండోది అట్టపెట్టెలో ఉన్న ఇనుప ముక్క. పెద్ద ఏఆర్‌లో తూటాను గొట్టంలోకి నెట్టే అసలు బోల్టు తీసి దీన్ని పెడితే, ఆ పెద్ద రైఫిలే చిన్న తూటాలు కాలుస్తుంది.

వెల్డాకు ముక్క నచ్చింది. ధర సగం. పైగా పెద్ద ఏఆర్ ఇంట్లోనే ఉంది, గ్లెన్నా తండ్రిది.

"మీ నాన్నది ఉండగా ఇంకోటి ఎందుకే? ఈ ముక్క పెట్టుకో. సరదా తీరాక తీసెయ్. తుపాకి మళ్ళీ తుపాకిలా ఉంటుంది."

అసలు గొడవ తుపాకి గురించి కాదు, ఆదివారాల గురించి. ఫైర్ స్టేషన్ వెనకున్న పాత క్వారీలో ఆదివారం మధ్యాహ్నాలు ఇనుప పళ్ళేలు నిలబెట్టి, వాటిని కాల్చి పడగొట్టే పోటీ పెడతారు. చిన్న తూటాలకే అనుమతి. మెర్ల్ అనే అతను గ్లెన్నాను ఒకసారి అక్కడికి తీసుకెళ్ళి తన రైఫిల్ చేతికిచ్చాడు. ఆమె ఆరింట్లో ఐదు పడగొట్టింది. ఆ తరువాత అతను రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ వెల్డాయే ఎత్తి, గ్లెన్నా ఇంట్లో లేదంది. గ్లెన్నా పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నిజంగానే తను లేనేమో అని ఆమెకూ కాసేపు అనిపించింది.

మే నెలాఖరుతో బడి అయిపోయింది. చివరి రోజున కేకు కోశారు, ఫొటోలు దిగారు. ఇక జీవితమంతా నీదే అన్నారు అందరూ. ఇంటికొచ్చేసరికి, వేసవిలో ఆమె చేయవలసిన పనులన్నీ వెల్డా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అతికించి ఉంచింది.

బల్ల వెనకున్న డోర్సీకి గ్లెన్నా బడి నుంచే తెలుసు. ముక్క చెడ్డదేం కాదన్నాడు అతను. కాని పెద్ద రైఫిల్ గొట్టం పెద్ద తూటా కోసం చేసింది, చిన్నది అందులోంచి పోతుంది గాని చెప్పిన చోటికే పోతుందని నమ్మకం లేదు అన్నాడు. మసి కూడా పేరుకుంటుందిట. ఈ చిన్న రైఫిల్‌కైతే గొట్టం దీనిదే, బరువూ తక్కువ. ఒక్క లోటు మాత్రం దాచకుండా చెప్పాడు. దీన్ని ఎప్పటికీ పెద్ద తూటాకి మార్చుకోవడం కుదరదు.

"విన్నావా?" అంది వెల్డా. "రేపు ఎలుగుబంటి వస్తే?"

"నిన్ను పిలుస్తాను," అంది గ్లెన్నా.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. తలలో ముందుగా వినిపించకుండా బయటికొచ్చిన మాట అది. డోర్సీ వంగి కింది అరలో ఏదో వెతకసాగాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

వెల్డా చేతిసంచి బల్ల మీద ఠపీమని పెట్టింది. గ్లెన్నా జుట్టు కత్తిరించుకున్నప్పుడు ఇదే చప్పుడు. పట్నంలో గది తీసుకుని ఉంటానన్నప్పుడూ ఇదే. రెండుసార్లూ ఈ చప్పుడు దగ్గరే మాట ఆగిపోయింది.

"నీకేది మంచిదో నాకు తెలీదా? నిన్ను కన్నదాన్ని."

గ్లెన్నా రైఫిల్ తీసి గోడవైపు గురిపెట్టి, భుజానికి ఆనించుకుంది. చెంప దానంతటదే చోటు వెతుక్కుంది.

"లోపల ఏ ముక్క మార్చినా అది నాన్న తుపాకేనమ్మా. ఎవరైనా ఎప్పుడైనా ఆ ముక్క పీకేసి మళ్ళీ నాన్నదిగా చేసెయ్యొచ్చు. దీన్ని చెయ్యలేరు. అందుకే నాకిది కావాలి."

"నా గుమ్మంలోకి తేనివ్వను."

"సరే. మెర్ల్ ఇంట్లో పెట్టుకుంటా."

వెల్డా కూతురి ముఖాన్ని, అడ్రసు తప్పి వచ్చిన ఉత్తరాన్ని చూసినట్టు చూసింది. తరువాత డోర్సీ వైపు తిరిగి గొంతు మార్చింది. అది చిన్నపిల్ల, దానికేం తెలుసు అంది. ఆ కొనుగోలు ఫారం ఇలా ఇవ్వు, నేను నింపుతాను, తుపాకి నా పేరున నా బీరువాలో ఉంటుంది అంది.

"కుదరదండి," అన్నాడు డోర్సీ. "కొనుక్కునేవాళ్ళే నింపాలి. గుర్తింపు కార్డు చూపించాలి. ఎవరైనా సరే." అతను గ్లెన్నా ముందు కలం పెట్టాడు. "మీరు రాయండమ్మా."

"గ్లెన్నా," అంది వెల్డా. ఆ ఒక్క మాటే అంది. ఇన్నాళ్ళూ ఆ ఒక్క మాటే సరిపోయేది.

గ్లెన్నా ఫారం తనవైపు లాక్కుని, నలభై అయిదేళ్ళు నల్లబల్ల మీద రాసిన చేత్తో, అరవై ఎనిమిదేళ్ళ కిందటి తన పుట్టినతేదీ రాసింది.