పీత చెప్పని నిజం

పాత గుల్ల విడిచిన పీత ఒళ్లు మెత్తగా ఉంటుంది. కొత్త గుల్ల గట్టిపడేదాకా అది బొరియ దాటకూడదు. కానీ ఈ పిల్ల పీతకి ఒంటరిగా ఉండి ఉండి విసుగొచ్చింది. మడుగు ఒడ్డున నవ్వులు వినబడితే వెళ్లి కూర్చుంది.

అక్కడ నీటికోడి, కప్పలు ఖాళీ నత్తగుల్లని గిర్రున తిప్పుతున్నాయి. దాని మూతి ఎవరివైపు ఆగితే వాళ్లు నిజమైనా చెప్పాలి, సాహసమైనా చెయ్యాలి.

మూతి పీతవైపు ఆగింది.

"నిజమే చెబుతాను," అంది పీత.

నీటికోడి ముక్కుని రాతికేసి రుద్దుకుంది. "నీ ఒంట్లో ఎక్కడ పొడిస్తే దిగుతుంది?"

కప్పలు పకపకా నవ్వాయి. అమ్మ అడిగుంటే పీత చెప్పేదే. ఆ ముక్కు ముందు మాత్రం నోరు రాలేదు.

"అది చెప్పను. ఇంకోటి అడుగు."

"అయితే ఆటలోంచి ఫో!"

పీత బొరియకి వచ్చేసి, తను విడిచిన పాత గుల్లనే తిప్పింది. అది ఎటు ఆగినా అక్కడున్నది తనొక్కతే.

"నిజం," అంది తనలో తనే. "ఒక్కదాన్నే ఉండాలంటే దిగులుగా ఉంది."

"నాకూ అంతే," అంది బయటినుంచి, ఇందాక నవ్విన కప్పల్లో ఒకటి. "లోపలికి రానా?"

"వద్దు."

"సరే," అని కప్ప గుమ్మం దగ్గరే కూర్చుంది.