అన్నం గుంజుకునే ముసలాయన

మెస్సులో జాల్యా ముద్ద కలపబోతుంటే ఎదురుగా కూర్చున్న ముసలాయన అతని ప్లేటును తన వైపు గుంజుకున్నాడు.

"గింత అన్నమా, బేటా?"

జాల్యా తలెత్తాడు. తెల్లగడ్డం, నెత్తిన టోపీ, ముందు స్టీలు డబ్బా. ఎరిగిన మొఖం కాదు.

ముసలాయన డబ్బాలోంచి ఉడకబెట్టిన గుడ్లు, మెంతికూర వేసిన కీమా తీసి జాల్యా ముందు పెట్టాడు. ప్లేటులోని అన్నమంతా డబ్బాలోకి ఎత్తుకున్నాడు.

"ఏందిది, సాయబూ?"

"మారకం. అన్నం నాకు, గుడ్లు నీకు."

"నాకు గుడ్లు గావాల్నని ఎవలు చెప్పిన్రు?"

"నీ కాలు చెప్తలేదా?"

జాల్యా బొటనవేలికి కట్టు ఉంది. పుండు మానడం లేదు. షుగర్ దిగకపోతే వేలు తీసేయాల్సిందే అన్నాడు డాక్టరు.

తీస్తే తియ్యనీ అనుకున్నాడు జాల్యా.

భార్య గోరీ ఉన్నన్నాళ్లూ ఈ గోస లేదు. మొగుడికి షుగరని తెలిసిన రోజే బియ్యం సంచి ఎత్తి పక్కింట్లో ఇచ్చేసింది. పొద్దున గుడ్లు, పగటికి కోడికూరో చేపలో, రాత్రికి ఆకుకూర.

"అన్నం లేకుంటె తిన్నట్టే ఉండదే" అని గునిసేవాడు.

"తిన్నట్టు లేకుంటె మానె. నువ్వయితె ఉంటవు గద" అనేది.

ఆమె మాటే నెగ్గింది. తండా నుంచి మానుకోట దాకా రోజంతా ఆటో నడిపినా అలుపు తెలిసేది కాదు.

పోయిన వానాకాలం గోరీకి నిమ్ము చేసింది. దవాఖానలో చేర్చారు. ఒక పగలు అతను బువ్వ తినొద్దామని కిందికి దిగాడు. మళ్లీ పైకి వచ్చేసరికి ఆమె మొఖం మీద గుడ్డ కప్పి ఉంది. చుట్టూ గుంపు. సాయంత్రానికల్లా ఆ మంచం మీద ఇంకో మనిషి. లోకం అంతే.

నా పొట్ట కోసం నేను పోతే, అది ఒక్కతే పోయింది.

ఆ రోజు నుంచీ మూడు పూటలా అన్నమే తింటున్నాడు. ఆకలికి కాదు, తన మీది కసికి.

ముసలాయన మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఆటో అడ్డ పక్కన మెస్సు నడిపే లచ్చికి నవ్వులాట అయింది.

"జాల్యన్నా, నీ అన్నానికి మొగుడొచ్చిండు."

"ఇంట్ల పెడ్తలేరు గావచ్చు. నా మెతుకుల మీద బతుకుతుండు" అన్నాడు జాల్యా, ముసలాయనకు వినపడేటట్టే.

ముసలాయనకు కోపం రాలేదు. "అవ్ బేటా. నీ అన్నం మస్తు రుచి" అని డబ్బాకు మూత పెట్టుకున్నాడు.

గొణుక్కుంటూనే జాల్యా ఆ గుడ్లు తినేవాడు. చూస్తుండగానే కట్టు చిన్నదయింది. డాక్టరు పుండు చూసి "ఏం తింటున్నవయా?" అని భుజం తట్టాడు.

జాల్యాకు సంతోషం కలగలేదు. తనకు తాను వేసుకున్న శిక్షను ఎవడో దొంగిలించినట్టనిపించింది.

ఆ పగలు ముసలాయన చెయ్యి ప్లేటు మీద పడగానే ఒక్క తోపు తోశాడు. గుడ్లు కింద దొర్లాయి.

"అడుక్కతినెటోనికి సిగ్గుండాలె. నేను బతికితె నీకేంది, సస్తె నీకేంది?"



ముసలాయన వంగి గుడ్లు ఏరుకున్నాడు. "నీకొక మాట చెప్పేదుండె, బేటా. నీ పానం జర కుదుటవడ్డంక చెప్దామనుకున్న."

"నీ మాట ఎవలికి గావాలె? నడువ్."

ముసలాయన నడిచాడు. మళ్లీ రాలేదు.

జాల్యా అన్నం ప్లేటు ముందేసుకుని కూర్చున్నాడు. గుంజుకునే చెయ్యి లేదు. ప్లేటు పక్కకు నెట్టి లేచాడు.

రెండు మూడు రోజులు చూసి, ఒక పొద్దున తానే పొయ్యి ముట్టించాడు. గోరీ పోయినంక ఆ ఇంట్లో గుడ్లు ఉడకడం అదే మొదలు. సగం పగిలిపోయాయి. అయినా తిన్నాడు. ఏడుస్తూనే తిన్నాడు.

ఇంకొన్ని కవర్లో వేసుకుని లచ్చిని అడిగాడు. "ఆ సాయబుది ఏ గల్లీ?"

"ఇస్మాయిల్ చాచాదా? మసీదు ఎనుక."

ఇంటి ముందు టెంటు వేసి ఉంది. కుర్చీల్లో టోపీలు పెట్టుకున్న మనుషులు తలలు వంచుకుని కూర్చున్నారు.

కోడలు ఫిర్దౌస్ గడప దాకా వచ్చింది. కాలికట్టు చూసి గుర్తుపట్టింది.

"జాల్యన్న గదా. మామ గుండె ఆగింది. నిన్ననే మట్టి చేసినం."

కవరు ఎక్కడ పెట్టాలో జాల్యాకు తెలియలేదు.

"ఆయనకు అన్నమంటె పానమాయె. నేనే తిట్టి ఎల్లగొట్టిన."

"అన్నమా? మామకు మీకంటె ఎక్కువ షుగర్. మెతుకు ముట్టక ఏండ్లాయె. మీ కాడి అన్నం కోళ్లకు ఏసెటోడు. ఆ కోళ్ల గుడ్లే మీకు తెచ్చెటోడు."

జాల్యా చేతిలోని గుడ్ల కవరు కేసి చూశాడు.

"ఏదో మాట చెప్తనన్నడు, చెల్లె. నేనే చెప్పనియ్యలే. మీకేమన్న ఎర్కనా?"

"మాకు గూడ చెప్పలే. అది మీ ఒక్కరికే చెప్పాలె అనెటోడు."

"ఎవలి మాట?"

"మీ ఆమెది. మిమ్ముల అన్నం తిననియ్యొద్దన్నది గూడ ఆమెనే."

జాల్యాకు అర్థం కాలేదు. ఫిర్దౌస్ కళ్లు తుడుచుకుంది.

"ఆ రోజు మీరు బువ్వకు కిందికి పోయినప్పుడే మా అత్తను పక్క మంచానికి తెచ్చిన్రన్నా, తన ఊపిరి పోయేదాక మీ ఆమె ఇడవకుండ పట్టుకున్నది మా మామ చెయ్యే."