వత్తుల దగ్గర ఆగిన చదువు

“ఇవి కాదు తల్లీ,” అంటూ పెద్దాయన ఇంకో పేజీ తిప్పేశాడు.

ఆ పుస్తకం నిండా యూనిఫాం వేసుకుని నవ్వుతున్న ఆడపిల్లలే. ఏయే దేశాల్లోనో కట్టిన బళ్లు, హాస్టళ్లు, కొనిచ్చిన సైకిళ్లు. ఆడవాళ్ల చదువుకి సాయం చేసే ఆ ఆఫీసులో కొత్త దాతలకి దారి చూపడమే ఎదురుగా కూర్చున్న అమ్మాయి పని. ఈ రిటైరైన బస్సు కండక్టరు మాత్రం ఓ పట్టాన తేలేలా లేడు.

“ఎప్పుడూ ఇచ్చిన అలవాటు లేదు. ఎలా మొదలుపెట్టాలో తెలీక మీ గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయేవాణ్ణి,” అన్నాడాయన. “ఇది మా తల్లి కోసం.”

అమ్మాయికి మనసు చివుక్కుమంది. వాళ్ల నాన్నా తనను తల్లీ అనే పిలుస్తాడు.

“చదువంటే ఇష్టమా అండీ?”

“ప్రాణం. పలక కొనిచ్చి, వేలు పట్టుకుని నేనే దిద్దించా. ఆ పలక ఒళ్లో పెట్టుకునే నిద్రపోయేది. నా బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుందంటే దారి పొడుగునా బోర్డులన్నీ పైకే చదివేది. జనం నవ్వినా లెక్కచేసేది కాదు. వత్తులొచ్చిన చోట మాత్రం టక్కున ఆగి నావైపు చూసేది.” ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “టికెట్లు కొట్టడం ఆపి మరీ అందించేవాణ్ణి. ఆ రోజులే వేరు.”

“మరి బడికి పంపలేదా?”

“లేదు. ఇంటెడు చాకిరీ నెత్తిన పెట్టారు.”

“మీరైనా అడ్డుపడాల్సింది కదండీ.”

“అప్పుడు నేనెక్కడున్నాను తల్లీ.”

అమ్మాయికి ఒళ్లు మండింది. ఎక్కడుంటాడు, డ్యూటీలో ఉంటాడు. ఇంట్లో పిల్ల బండచాకిరీ చేస్తుంటే ఊరంతా తిరిగి టికెట్లు కొట్టి, ఇప్పుడు తీరిగ్గా దానానికి వచ్చాడు. ఆ మాటే అనేద్దామని నోటిదాకా వచ్చింది.

“వత్తులు పూర్తిగా రాకముందే పోయింది,” అన్నాడాయన నెమ్మదిగా. “ఇప్పటికీ అదే కలుక్కుమంటుంది. ఇంకెవరికీ అలా సగంలో ఆగకూడదు.”

ఆమె కోపం చప్పున చల్లారిపోయింది. పిల్లల ఫొటోలు ఎందుకు తిప్పేస్తున్నాడో అప్పుడు అర్థమైంది. కడుపుకోత మరి, చూడలేడు. అందుకే పిల్లలు లేని పేజీ వెతికి ఆయన ముందు పెట్టింది. ఎక్కడో దూరదేశంలో ఒక రేకుల షెడ్డు. పగలంతా పొలాల్లో పనిచేసిన ఆడవాళ్లు సాయంత్రం పూట నేల మీద కూర్చుని అక్షరాలు దిద్దుకుంటున్నారు.

పెద్దాయన వేలు ఆ ఫొటో మీదే ఉండిపోయింది.

“ఇదే. నెలనెలా వీళ్లకే పంపిస్తా.”

“ఎవరి పేరు మీదండీ?”

“మా తల్లి పేరే రాయి.”

ఆయన చెప్పిన పేరు రాసుకుంది. ఊరుకుందామనుకుంది గానీ మనసు ఊరుకోలేదు. అడిగేసింది.

“పలక కొనిచ్చేనాటికి పాపకి ఎన్నేళ్లండీ?”

“డెబ్బై నిండాయి.”