పసుపు ఫోల్డర్

"పసుపుది ఇవ్వు," అని చెయ్యి చాపాడు సెనేటర్ వెబ్‌లీ.

దేదీప్య ఇవ్వలేదు. రెండు ఫోల్డర్లూ గుండెకు హత్తుకుని అలాగే నిలబడింది. నీలం ఫోల్డర్‌లో బిల్లు కావాలనే ప్రసంగం, పసుపు ఫోల్డర్‌లో వద్దనే ప్రసంగం. రెండూ ఆమే రాసింది. రెండింట్లోనూ 'నా మనస్సాక్షి' అన్న మాట నాలుగేసి సార్లు వస్తుంది.

ఆ ఆఫీసులో పని జరిగే తీరే అంత. ఏ బిల్లు వచ్చినా రెండు ప్రసంగాలు సిద్ధంగా ఉండాలి. సెనేటర్ గారు ఏ పార్టీ మనిషీ కాదు మరి! పద్దెనిమిదేళ్లుగా ఇండిపెండెంట్. ఆఖరి నిమిషం దాకా ఎటూ తేల్చడు. రెండు పార్టీల వాళ్లూ వచ్చి బతిమాలాలి, ఇవ్వగలిగింది ఇవ్వాలి. ఎటు ఎక్కువ ముడితే అటు మనస్సాక్షి నిద్ర లేస్తుంది. దీన్నే పేపర్లవాళ్లు ఎవరికీ వంగని వెన్నెముక అని రాసేవాళ్లు.

"నిన్నటిదాకా నీలం అన్నారు కదా సర్?"

"నిన్న నాకు కమిటీ ఛైర్మన్ పదవి ఇస్తామని ఎవరూ అనలేదు. ఇప్పుడే ఫోనొచ్చింది."

"పోయిన నెల మా ఊరు నోవైలో మా వాళ్లందరి ముందూ మాటిచ్చారు. శాలువా కప్పించుకున్నారు. గారెలు తిన్నారు."

"గారెలు బావున్నాయి. శాలువా మా కుక్కకి పరిచాం."

"అంకిత భుజం మీద చెయ్యేసి, ఈ అమ్మాయి ఎక్కడికీ పోదన్నారు!"

"అంకిత ఎవరు?"

అంకిత దేదీప్య పిన్ని కూతురు. మూడేళ్ల పిల్లగా మిషిగన్ వచ్చింది. తండ్రిది ఇంకా హెచ్-వన్ వీసాయే, గ్రీన్‌కార్డు క్యూ పన్నెండేళ్లుగా కదలడం లేదు. వచ్చే నెల పధ్నాలుగున అంకితకి ఇరవై ఒకటి నిండుతాయి. ఆ రోజుతో తండ్రి వీసా మీద ఉండే హక్కు పోతుంది. పెట్టె సర్దుకుని, తను ఎరగని దేశానికి పోవాలి. ఇలాంటి పిల్లల్ని ఇక్కడే ఉండనివ్వండి అనేదే ఆ బిల్లు. సెనేట్‌లో దాదాపు సగం మంది ఇటు, సగం మంది అటు. మిగిలింది ఈ మహానుభావుడి ఒక్క ఓటు.

"లోపలికెళ్లి తల దువ్వుకొస్తా. కెమెరాలుంటాయి," అని ఆయన బాత్‌రూమ్‌లోకి వెళ్లాడు. ప్రసంగాన్ని ముందుగా ఒక్కసారి కూడా చదవడు. మొహం మాత్రం మూడుసార్లు చూసుకుంటాడు.

దేదీప్య ఫోన్ మోగింది. నోవై నుంచి అంకిత తల్లి, కృష్ణవేణి పిన్ని.

"దీపూ, మీ సెనేటర్ మన వైపేనా?"

"పిన్నీ... ఐ డోంట్ నో."

"డోంట్ నో ఏంటే! ఇక్కడ టీవీ ముందు పదిహేను మందిమి కూర్చున్నాం. పులిహోర కూడా చేశా. అంకితేమో పొద్దుట్నుంచీ ఒక్క ముద్ద ముట్టలేదు. అంత పెద్ద ఆఫీసులో ఉండి నువ్వు చేసేదేంటే మరి?"

ఆ మాట సూదిలా దిగింది. దేదీప్య ఫోన్ పెట్టేసింది. అటూ ఇటూ చూసింది. నీలం ఫోల్డర్‌లో కాగితాలు తీసి పసుపు ఫోల్డర్‌లో పెట్టింది. పసుపువి నీలంలోకి మార్చింది. ఉద్యోగం పోతుంది, పోనీ! దేశమంతా వినేలా 'కావాలి' అన్నాక ఇంకో పది నిమిషాల్లో 'వద్దు' అనడానికి ఎవడికైనా నోరెలా వస్తుంది? అదీ ఆమె ధైర్యం.

పిచ్చి పిల్ల.

సెనేటర్ సభలో లేచి పసుపు ఫోల్డర్ తెరిచాడు. వెనక బెంచీలోంచి దేదీప్య చూస్తోంది. ఆయన ఒక్క క్షణం ఆగాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. చదివాడు.

ఎంత బాగా చదివాడని! 'ఈ పిల్లలకి మన జెండా తప్ప ఇంకో జెండా తెలియదు' అన్నచోట గొంతు వణికించాడు. 'వీళ్లని గెంటేసే చెయ్యి నాది కాదు' అన్నచోట చెయ్యి పైకెత్తి చూపించాడు. గ్యాలరీలో జనం లేచి చప్పట్లు కొడితే అధ్యక్ష స్థానంలో ఉన్నాయన సుత్తితో బల్ల మీద కొట్టి ఆపాల్సొచ్చింది. దేదీప్య జేబులో ఫోన్ ఆగకుండా అదురుతోంది. ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఓటింగ్ మొదలైంది. గుమాస్తా ఒక్కో పేరే పిలుస్తున్నాడు.

"మిస్టర్ వెబ్‌లీ?"

"నో."

బిల్లు పోయింది.

కారిడార్‌లో ఆయన పసుపు ఫోల్డర్ ఆమె చేతిలో పెట్టాడు. దేదీప్య ఐడీ కార్డు మెడలోంచి తీసి ఆయనకివ్వబోయింది.

"ఇదెందుకు?"

"కాగితాలు మార్చింది నేనే సర్."

"రెండో వాక్యానికే తెలిసింది."

"తెలిసీ... చదివారా?"

"బాగా రాశావుగా!"

ఆమె ఫోన్ మళ్లీ మోగింది. కంగారులో స్పీకర్ నొక్కేసింది.

"దీపూ, చూశామే! పాపం, ఆయన్ని ఎవరో బెదిరించి ఉంటారే. లేకపోతే అంత కడుపులోంచి మాట్లాడిన మనిషి నో అంటాడా? ఆ మనసు మనదేనే. వచ్చే ఎలక్షన్‌కి ఈ వీధి వీధంతా ఆయన బోర్డులే పెడతాం, చెప్పు ఆయనకి. అంకిత మాత్రం... అటక మీంచి సూట్‌కేస్ దింపుకుంటోందే."

దేదీప్య గబుక్కున ఫోన్ ఆపేసింది.

"ఏమంటోంది మీ ఆంటీ?"

ఆమె తల దించుకుని పిన్ని మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పింది, సూట్‌కేస్‌తో సహా.

సెనేటర్ మనసు బోర్డుల మాట దగ్గరే ఆగిపోయింది. ఐడీ కార్డు తన చేత్తోనే మళ్లీ ఆమె మెడలో వేశాడు.

"పద్దెనిమిదేళ్లు దండగ్గా రెండేసి రాయించాను. రేపట్నుంచి నీలం ప్రసంగం ఒక్కటే రాయి. ఓటు సంగతి నేను చూసుకుంటా."