కొబ్బరినీళ్లు కలిసిన మంచు

మంచు నాకి అది ఏ సముద్రపు తేమో చెప్పగల మొనగాడు మా పాలమూరు బోరు కుర్మన్న. హిమాలయం మీద బోరు వేసి తీసిన మంచు ఏ సముద్రం పేరు చెబుతుందో చూసి జిల్లాలకు మబ్బులు పంచే కాలమది. పడమటి సముద్రమని తేలితేనే పాలమూరుకు వాన.

ఈసారి తీసిన మంచును పరీక్షించిన యంత్రం "కోనసీమ తోట" అంది.

కుర్మన్న కంగారుగా నాకాడు. నాలుక మొద్దుబారిందే తప్ప ఏమీ తెలియలేదు. అతని నాలుక గురించి నేను చెప్పినదంతా గొప్పలే!

"ఏం పోసినవ్, కుర్మన్నా?" అంది ఇంజినీరు నవనీత.

"బోరేసేముందు కొబ్బరికాయ కొట్టకుంటే ఎట్లమ్మా?"

"పై మూరెడు మంచు కోసెయ్! గంటలో చెప్పకుంటే మన మబ్బులు పక్క జిల్లాకు పోతయ్."

గబగబా కోశాడు. కింది మంచును మింగిన యంత్రం చాలాసేపు గుర్రుమని, "పడమటి సముద్రం" అంది. కుర్మన్న కూలబడి ఏడ్చాడు.

కోసిన ముక్కను పారేశారు. ఈ ఒక్క మాట మాత్రం నా కల్పన. ప్రసాదాన్ని ఎవరైనా పారేస్తారా? ఇద్దరూ పంచుకు తిన్నారు.